గొంతును చదును చేసిన డబ్బా

ఆ రోజుల్లో, అంటే ఎనభైలు మొదలైన కాలంలో, ఆదోనిలో టంకం పెట్టడం వచ్చిన ప్రతి కుర్రాడూ తనను తాను సగం శాస్త్రజ్ఞుడనుకునేవాడు. నేను ముప్పాతిక అనుకున్నాను. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే ఒక అంగట్లో పని నాది. చదివిన చదువు పదో తరగతి (అదీ రెండోసారికి). ఇంగ్లీషు ఎలెక్ట్రానిక్స్ పత్రికలో బొమ్మలు తప్ప మిగతాదంతా అర్థమైనట్టు తల ఊపేవాణ్ణి. అలాంటి ఒక పత్రికలో కంప్రెసర్ అనే పరికరం బొమ్మ కనబడింది. పాడేవాడు గట్టిగా పాడితే అది శబ్దాన్ని తగ్గిస్తుంది, మెల్లగా పాడితే పెంచుతుంది, మొత్తం మీద గొంతును ఒకే మట్టానికి తెస్తుంది. పెద్ద స్టూడియోల్లో తప్ప ఉండదట. అంతే, నాకు నిద్ర పట్టలేదు.

మా అంగట్లోనే పనిచేసే నా స్నేహితుణ్ణి అందరూ వైర్ల భాయ్ అనేవాళ్లు. వాడూ నేనూ కలిసి రెండు నెలలు కష్టపడి ఆ కంప్రెసర్ తయారు చేశాం. ఖాళీ పౌడరు డబ్బా లోపల నల్లరంగు పూసి, ఒక చిన్న బల్బు, దానికెదురుగా వెలుతురు తగిలితే గుణం మారే ఒక బిళ్ల పెట్టాం. గొంతు పెరిగితే బల్బు వెలుగుతుంది, శబ్దం అణుగుతుంది. గొంతు ఆగితే బల్బు ఆరుతుంది, శబ్దం లేస్తుంది. ఎంత లేవాలో చెప్పడానికి పక్కనే ఒక మీట. నేను దాన్ని చివరిదాకా తిప్పి, ఇక కదలకుండా లక్క పోశాను (దేనికైనా హద్దు ఉంటుందని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకం కాదు).

దాన్ని ఎవరి గొంతు మీద ప్రయోగించాలి? ఎమ్మిగనూరులో మా నాయన ఉన్నాడు. మగ్గం నేసేవాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడంటే తత్వాలు పాడుకుంటూనే ఉండేవాడు. పుట్టినప్పటి నుంచి వింటున్న పాట కాబట్టి అది నాకు మగ్గం చప్పుడులో ఒక భాగమే తప్ప పాటగా ఎప్పుడూ అనిపించలేదు. సినిమా పాటలు వినే చెవికి అది ముతక నేత. అయినా, నీ పాట టేపులో పట్టుకుంటానని చెప్పగానే ఆయన ముఖం విప్పారిన తీరు చూసి నేనే తబ్బిబ్బయ్యాను. గడ్డం గీయించుకున్నాడు. పెళ్లిళ్లకు తప్ప పెట్టెలోంచి బయటికి తీయని చొక్కా తీశాడు. టేపులో చొక్కా కనబడదని నేను చెప్పినా వినలేదు.

మగ్గాలకు సెలవని అమావాస్య రోజు పగలు పెట్టుకున్నాం. టేపురికార్డరు, డబ్బా, మైకు మోసుకుని నేనూ భాయ్ బస్సు దిగాం. ముందుగదిలో చాప మీద నాయనను కూర్చోబెట్టి మైకు ఎదురుగా స్టూలు మీద పెట్టాం. మొదటి పాటలో బిగుసుకుపోయాడు, రెండో పాటకు కాస్త సర్దుకున్నాడు. అది ముగిశాక నీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాడు. టేపు తిరుగుతూనే ఉంది. ఇంకా ఎన్ని పాడతాడని భాయ్ నా చెవిలో అడిగాడు. నేనూ వాడి చెవిలోనే చెప్పాను. నాయన తిరిగి వచ్చి మూడో పాట అందుకున్నాడు. ఆదోనికి వచ్చాక మొదటి పాట మాత్రం విని, గొంతు ఒకే మట్టంగా వచ్చిందని మురిసిపోయి, మిగతాది వినకుండానే కట్టిపెట్టాను. నా డబ్బా మీద నాకు అంత నమ్మకం.

తర్వాతి ఆదివారం పొద్దున ఎమ్మిగనూరులో మా ఇంట్లో వినికిడి ఏర్పాటైంది. నాయనే మళ్లీ ఆ చొక్కా తొడుక్కుని వీధిలో అందరినీ పిలిచాడు. తోటి నేతగాళ్లు, మా అత్త, పక్కింటివాళ్లు వచ్చి గదినిండా కూర్చున్నారు. మొదటి పాట అయింది. పాట ఆగగానే, ఆ అమావాస్య రోజు డబ్బా చేసిన పని బయటపడింది. ఎక్కడో పెరట్లో కూసిన కోడి మా గదిలో కూసినట్టు వినబడింది. పక్కింటావిడ కోడలి వంట గురించి గోడవతల మెల్లగా అన్న మాట ఊరంతటికీ చెప్పినట్టు వచ్చింది. కోడలు అక్కడే ఉంది. అందరూ పగలబడి నవ్వారు. నాయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. రెండో పాట అయింది. ఈసారి ఏం వినబడుతుందోనని జనం చెవులు రిక్కించారు.

వినబడింది నా గొంతు. గుసగుస గంటలా మోగింది. "ఏం జేద్దాం భాయ్. మా నాయనకు గొంతు యాడుంది? ముసలాయన ముచ్చట తీరనీ. టేపు పోతే పోతాది, మళ్లా సినిమా పాటలు ఎక్కించుకుందాం."

ఎవరూ నవ్వలేదు. మా అత్త తల దించుకుంది. ఆ వెంటనే, ఏమీ ఎరగని నాయన గొంతు టేపులో మూడో పాట అందుకుంది. భాయ్ ఆపబోయాడు. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీప్పా. పాట నడిమధ్యన ఆపగూడదు."

ఆ పాట అంతా విన్నాం. అంత పొడుగు పాట నేను మళ్లీ వినలేదు. అయ్యాక నాయన లేచి, చొక్కా విప్పి, మడతపెట్టి దండెం మీద వేశాడు. నా వైపు చూసి, కోపమేమీ లేకుండా, "మంచిగ జేసినావప్పా పెట్టె. ఒగ మాట గూడా ఇడిసిపెట్టలేదు" అన్నాడు.

క్షమించమని అడగాలనుకుంటూనే నాలుగు నెలలు గడిపాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా బస్సులో ఆ మాట సాధన చేసుకుంటూ వెళ్లడం, ఇల్లు చేరగానే ఊరి సంగతులు మాట్లాడి తిరిగి రావడం. ఒకసారి వెళ్లేసరికి ఆయన మగ్గం మీద ఉన్నాడు, పాడుతున్నాడు. నన్ను చూసి ఆపేశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఇంకోసారి టేపులో పట్టుకుంటాను, డబ్బా లేకుండా, అన్నాను.

"వొద్దు లేప్పా. మిషను ముందర నాకు రాదు. వినాలంటే ఈడ కుచ్చో, ఊరికే."

కూర్చున్నాను. పోగును మోసుకుని నాడె అటూ ఇటూ పోతున్నంతసేపూ గొంతు సన్నగా, తనలో తాను చెప్పుకున్నట్టు ఉంది. నేతను బిగించే పన్నె దగ్గరికి లాగి కొట్టేటప్పుడు మాట ఉప్పెనలా లేచింది. మళ్లీ దిగింది. ఆ ఎక్కడం దిగడంలోనే పాటంతా ఉంది. దాన్నే నేను రెండు నెలలు కష్టపడి చదును చేశాను. ఆ పూట చాలాసేపు విన్నాను. బాగుంది నాయనా అని కూడా అనలేదు. ఆ తర్వాత ఆయన ఎంతోకాలం బతకలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక గదిలో కంప్యూటరుంది. దాని పక్కనే అసలైన కంప్రెసర్, కొన్నదే, కొలత చూపే సూదులూ దీపాలతో. దాన్ని ఎంత తక్కువగా తిప్పాలో తెలుసుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది. మొన్నొక మధ్యాహ్నం తలుపు వేసుకుని నాయన పాటొకటి నేనే పాడి ఎక్కిద్దామనుకున్నాను. పైకి లేవాల్సిన చోట దగ్గొచ్చింది, దిగాల్సిన చోట ఊపిరి చాల్లేదు. పదిహేనుసార్లు పాడాను. మా ఆవిడ (మా అత్త కూతురే, చిన్నప్పటి నుంచి ఆ పాటలు విన్న మనిషి) తలుపు తీసి మెల్లగా అంది: "మామ ఇట్ల పాడేటోడు గాదు."

"గాదు" అన్నాను. నవ్వొచ్చింది. ఆవిడకూ వచ్చింది. అన్నీ తుడిచేసి, మిషను ఆపి, కాఫీకి లేచాను. వంటింటి దాకా ఆ పాటే కూనిరాగం తీస్తూ నడిచాను. వినడానికి ఎవరూ లేనప్పుడు అంత ఘోరంగా ఏమీ లేదు.