గీత దాకా నీళ్లు

దయ్యం పట్టిందని, గాలి సోకిందని ఎవరన్నా నా దగ్గర మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయేదాన్ని. మా వీధిలో ఒకావిడ తాయెత్తు కట్టించుకొచ్చి చూపిస్తే, ఆ దుడ్లకు రెండు సేర్ల బెల్లమన్నా వచ్చేది కదమ్మా అని ముఖం మీదే అన్నాను. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని నేను చెప్పను. మా ఆయన పోయాక అయిదు రోజుల్లో మా ఇంట్లో జరిగింది మాత్రం చెప్తాను. నేను జాకెట్లు కుట్టేదాన్ని. పొద్దస్తమానం టేపు మెడలోనే ఉంటుంది. ఇంకేదన్నా తప్పుతానేమో గానీ కొలత తప్పను.

మా ఆయన పేరు ఓబులేసు. అనంతపురంలో టీవీలు, రేడియోలు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. తొంభైల చివర్లో సామాన్ల కోసం బెంగళూరు పోయి, వస్తూ వస్తూ ప్లాస్టిక్ కవర్లో నాలుగు గప్పీ చేపలు తెచ్చాడు. నెల తిరక్కుండానే అవి పిల్లలు పెట్టాయి. అంతే, ఆయనకు పిచ్చి పట్టుకుంది. అద్దాలు కోయించుకొచ్చి, గమ్ముతో అతికించి తొట్లు తనే తయారు చేసుకున్నాడు. నడింట్లో గోడ వారగా ఆరు తొట్లు పెట్టాడు.

మాకు పిల్లల్లేరు. "మనకు వందమంది పిల్లోళ్లు మే" అని నవ్వేవాడు. నేను కసురుకునేదాన్ని. కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే ఊర్లో, చేపలకు బిందెలు బిందెలు పోస్తుంటే ఎవరికి కడుపు మండదు? తొట్టిలోంచి తీసిన నీళ్లు పారబోయకుండా బండలు కడిగి, మిగిలింది కరివేపాకు చెట్టుకు పోసేదాన్ని.

ఆయన ఆశంతా ఏంజెల్ చేపల మీద. అరచేయంత ఉండి, పైకీ కిందికీ పొడుగు రెక్కలతో నిదానంగా తిరిగే చేపలవి. ఒక జత గుడ్లు పెట్టేది గానీ, రెండో రోజుకల్లా గుడ్లన్నీ తెల్లబడి పాడైపోయేవి. మా బోరు నీళ్లు అట్లాంటివి. వాటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్లగా సున్నం కడుతుంది. ఆ గుడ్లు బతకాలంటే వాన నీళ్లు కావాలన్నాడు. అనంతపురంలో ఉంటూ చేపలకు వాన నీళ్లు అడిగే మనిషిని ఏమనాలో నాకు తెలియలేదు.

రెండువేల సంవత్సరం దాటాక, వరసగా కరువు పడిన రోజుల్లో ఆయన కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి డయాలసిస్ చేయించుకొని రావాలి. ఒంట్లో నీరు చేరితే ఊపిరాడదని, తాగే నీళ్లకు డాక్టరు కొలత పెట్టాడు. పూటకు అరగ్లాసు, అంతే. ఆయనే మేకు తీసుకొని తన స్టీలు గ్లాసు లోపల గీత గీసి నా చేతికిచ్చాడు. "ఈ గీత దాటి పొయ్యాకు. నేను అడిగినా పొయ్యాకు" అన్నాడు. నేను పోయలేదు. రెండేళ్లు పోయలేదు.

దప్పిక ఎక్కువయ్యేది మధ్యాహ్నం మూడింటికి. ఎండ వేడంతా మిద్దెలోంచి ఇంట్లోకి దిగే వేళ అది. అప్పుడు ఏంజెల్ తొట్టి ముందు మంచం వేసుకొని, నీళ్లను చూస్తూ పడుకునేవాడు. ఎందుకు ఆ నీళ్లు చూడటం, ఇంకా దప్పిక పెరగదా అంటే, "చూస్తే సల్లగా ఉండాది లే" అనేవాడు.

ఆయన పోయిన ఏడాది ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం అనుకోకుండా గంటసేపు వాన కురిసింది. లేవలేని మనిషి లేచి నిలబడి, మిద్దె తూము కింద నాతో నీలం డ్రమ్ము పెట్టించి, మూతికి గుడ్డ కట్టించాడు. ఆ నీళ్లతో ఏంజెల్ తొట్టి నింపాం. డ్రమ్ములో ఇంకో రెండు బిందెలు మిగిలాయి. తొట్టిలో ఒక పలక ముక్క వాల్చి పెట్టాడు. పది రోజులు గడిచాక ఒక పొద్దున ఆ జత పలక పైభాగాన గుడ్లు పెట్టింది. ఈసారి తెల్లబడవు చూడు అని నాకు మూడుసార్లు చెప్పాడు.

అదే రోజు మధ్యాహ్నం మూడింటికి నన్ను పిలిచాడు.

"మే, ఒక గ్లాసు నీళ్లియ్యి. నిండా ఇయ్యి. ఇంగ అడగను."

"రేపు పొద్దున రైలుకు పోవాల. రాత్రికి ఆయాసం వస్తే నిన్ను యాడికి ఎత్తుకపోవాల నేను?" అన్నాను.

"నిండు గ్లాసు చూసి రెండేండ్లాయ మే."

గీత దాకా పోసిచ్చాను. ఆయన తాగలేదు. గ్లాసు మంచం కింద పెట్టేసి అటు తిరిగి పడుకున్నాడు. అలిగితే అంతే, పెట్టింది ముట్టడు. దీపాల వేళకు లేపబోతే ప్రాణం లేదు.

మా వైపు మనిషి పోయిన చోట దీపం వెలిగించి, పక్కన గ్లాసుతో నీళ్లు పెడతారు. దినం అయ్యేదాకా రోజూ ఆ నీళ్లు మారుస్తారు. పోయినవాళ్లు వచ్చి తాగిపోతారని నమ్మకం. నాకు నమ్మకం లేకపోయినా మా అత్త చెప్పిందని చేశాను. ఆయన గ్లాసే కడిగి, నీళ్లు పోసి, తొట్టి ముందు దీపం పక్కన పెట్టాను. రెండేళ్లుగా చేతికి అలవాటైన కొలత. గీత దాకానే పోశాను. పోశానన్న సంగతి కూడా నాకు తెలియలేదు. మా అత్త గుమ్మఘట్ట పక్క పల్లె నుంచి వచ్చి, వసారాలో కొంగు కప్పుకొని పడుకుంది. లోపలికి రాలేదు.

గుడ్లు పెట్టిన ఏంజెల్ చేపలు బెదిరితే వాటి గుడ్లను అవే తినేస్తాయి. పలకరించడానికి వచ్చే జనాన్ని ఆపలేం కదా, నా పాత చీర తెచ్చి తొట్టికి కప్పాను. మొగుడు పోయి ఒక రోజు కాలేదు, చేపలకు చీర కడుతోందని వెనక నుంచి ఎవరో అన్నారు. అననీలే అనుకున్నాను. ఆయన ఆశపడిన గుడ్లవి. అవి పిల్లలై ఈదాలి. నాకు అదొక్కటే పని మిగిలింది.

మరుసటి రోజు నాలుగింటికి చీర తొలగించి చూస్తే తొట్టిలో నీళ్లు తగ్గాయి. టేపు పెట్టి కొలిచాను, రెండంగుళాలు. తొట్టికి అద్దం మూత ఉంది. ఎండకు ఆరినా రోజుకు గోరంత మించి తగ్గవు. డ్రమ్ములో వాన నీళ్లు చెంబుతో నిదానంగా పోసి నింపాను. నుదుటి మీద బొట్టుబిళ్ల తీసి, నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో అక్కడ అద్దానికి అంటించాను.

తర్వాతి రోజు మధ్యాహ్నం పన్నెండు దాకా నీళ్లు బొట్టుబిళ్ల దగ్గరే ఉన్నాయి. నాలుగింటికి చూస్తే మళ్లీ రెండంగుళాలు తక్కువ. కింద పరిచిన పాత పేపరు పొడిగా ఉంది. మస్తాన్‌ను పిలిపించాను. ఊర్లో చేపలమ్మే మనిషి, మా ఆయనకు స్నేహితుడు. అతుకులన్నీ వేలితో తడిమి చూశాడు. గాలి గొట్టంలోంచి నీళ్లు వెనక్కి లాగుతాయేమోనని దాన్నీ పీకేశాడు.

"యాడా లీకు లేదు వదినా. కారితే కింద తడన్నా ఉండాల గదా" అన్నాడు. తర్వాత పలక వైపు చూసి గొంతు తగ్గించాడు. గుడ్లు తెల్లబడలేదు. పగిలి, సన్నని తోకలు ఆడుతున్నాయి. ఈదడానికి ఇంకా మూడు నాలుగు రోజులు పడుతుందని, అంతదాకా బోరు నీళ్లు ఒక్క చెంబు కూడా పోయొద్దని చెప్పి వెళ్లాడు.

నాలుగో రోజు కూడా అదే వేళకు అదే రెండంగుళాలు తగ్గాయి. నింపేసరికి డ్రమ్ము అడుగంటింది. ఇన్ని రోజులూ దీపం దగ్గర గ్లాసులో నీళ్లు మాత్రం చుక్క తగ్గలేదు. పోసినవి పోసినట్టే ఉంటే, రోజూ పారబోసి మళ్లీ పోస్తూ వచ్చాను.

అయిదో రోజుకు తల్లి చేప పిల్లల్ని నోటితో తెచ్చి పలక మీద ఇంకా పైకి మార్చింది. ఇప్పుడు అవి అంటుకొని ఉన్న చోటు నీటి అంచుకు ఒకటిన్నర అంగుళం కిందే ఉంది. ఈరోజు కూడా తగ్గితే అవి ఎండిపోతాయి. తల్లి చేప జారిపడిన పిల్లను నోటితో తెచ్చి మళ్లీ పలక మీదే పెడుతోంది. నేను తొట్టి ముందు కూర్చున్నాను. రెండున్నర దాటాక మా అత్త దీపంలో నూనె పోయడానికి మొదటిసారి లోపలికొచ్చింది.

"ఏమ్మా సరోజా, సగానికే పోసినావే నీళ్లు?"

అప్పుడు చూశాను నేను ఆ గ్లాసును.

"సచ్చినంక గూడా కొలతేనా వానికి?" అంది. తిట్టలేదు. అడిగింది, అంతే.

మనిషి పోయిన రోజు కూడా నేను అంత ఏడవలేదు. గ్లాసు కడిగి, కడవలోంచి అంచు దాకా ముంచాను. నడిస్తే దారంతా తొణికింది. మళ్లీ నింపుకొచ్చి దీపం పక్కన పెట్టి, "నిండా పోసినా. తాగు" అన్నాను. తాయెత్తు కట్టుకున్నావిడను ఎగతాళి చేసిన దాన్ని నేనే.

మూడయింది. టేపు అద్దానికి ఆనించి పట్టుకొని కూర్చున్నాను. అత్త నా పక్కన కూర్చుంది. ఇద్దరం లేవలేదు, ఇంట్లోకి ఎవరూ రాలేదు. నాలుగయింది. నీళ్లు బొట్టుబిళ్ల దగ్గర నుంచి కదల్లేదు. అప్పుడు అత్త నా మోచెయ్యి తాకి గ్లాసు చూపించింది. ఖాళీగా ఉంది. చుట్టూ నేల పొడిగా ఉంది. గ్లాసు లోపల కొంచెం తడి, అంతే.

ఆమె తాగిందేమోనని నేను అడిగాను కూడా. "నా కొడుకు నీళ్లు నేను తాగుదునా?" అంది.

ఆ తర్వాత తొట్టి నీళ్లు ఎప్పుడూ గోరంతకు మించి తగ్గలేదు. దినానికి ముందే పిల్లలు పలక వదిలి గుంపుగా ఈదాయి. మస్తాన్ ఉడికిన గుడ్డు పచ్చసొన గుడ్డలో పెట్టి పిండి మేపాడు. నలభై దాకా బతికాయి. ఆయన చూడాలనుకున్నది అవే. చూశాడో లేదో నాకు తెలియదు.

కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయనకు ఇదంతా చెప్పాను. ఎండకు ఆవిరైపోయి ఉంటాయన్నాడు. ఎండ అయితే నాలుగో రోజు దాకా తొట్టిలో తాగి, అయిదో రోజు గ్లాసుకు ఎందుకు మారింది సార్ అన్నాను. వచ్చింది మా ఆయనే అయితే, అలక తీరక నేను కొలిచి పోసినవి ముట్టకుండా తన చేపల నీళ్లు తాగాడనుకోవాలి. రాలేదంటే, ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో ఎవరన్నా చెప్పాలి.

డాక్టరు చెప్పిందే చేశావు, నీ తప్పు లేదని అందరూ అన్నారు. తప్పు లేదని నాకూ తెలుసు. సాయంత్రం దాకా కూడా ఉండని మనిషికి మూడింటికి నీళ్లు కొలిచి పోశాను, అదీ తెలుసు. మా ఇంటికి ఎవరొచ్చినా ఇప్పుడు గ్లాసు నిండా పోసిస్తాను. తొణుకుతోంది, కొంచెం తగ్గించమ్మా అంటారు. తగ్గించను.