నలభై సీట్ల బస్సు, నా కిడ్నీ రిపోర్టు

ఆరేళ్లు గచ్చిబౌలిలో ఆఫీసు క్యాబ్ నడిపాక, ఒక కంపెనీ నన్ను స్టాఫ్ బస్సు డ్రైవర్‌గా తీసుకుంటామంది. నలభై సీట్ల బస్సు! ఆ రోజు కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను. ఇక ఆరోగ్య పరీక్షలే మిగిలాయి.

అవి చేయించుకున్న మూడో రోజు కంపెనీ డాక్టరమ్మ పిలిచింది.

"రక్తంలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువుందండి. కిడ్నీల మీద భారం పడుతోంది. ఏం మందులు వాడుతున్నారు?"

"బీపీ గోలీ ఒక్కటే మేడం."

"డాక్టరు రాయనివి కూడా చెప్పండి."

అప్పుడు బ్యాగు తెరిచాను. నడుము నొప్పికి ఏడాదిగా రోజుకు రెండు గోలీలు వేసుకుంటున్నాను. ఫోన్లో చూసి తెప్పించుకున్న కీళ్ల పొడి ఇంకొకటి. అందులో ఏముందో డబ్బా మీద రాసే లేదు.

"నీళ్లు తాగుతారా?"

"జర తక్కువే. దారిల బాత్రూంకు యాడికి పోవాలె మేడం?"

ఆమె తల పట్టుకుంది. "బీపీ మందు వాడుతూ, రోజూ నొప్పి మాత్ర మింగుతూ, నీళ్లు తాగకపోతే కిడ్నీలు తట్టుకోలేవండి. నొప్పి మాత్రలు, పొడి ఇవాళే ఆపేయండి. బీపీది మాత్రం నన్నడక్కుండా ఆపొద్దు. మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేద్దాం."

"నౌకరి పోతదా?"

"తొందరగానే తెలిసింది. ధైర్యంగా ఉండండి."

చందానగర్‌లో ఇంటికెళ్లి ఏడ్చాను. మా ఆయన "ఇగ ఫికర్ చేయకు, నడుముకు కసరత్తు చేద్దాం పా" అని చాప పరిచాడు. మర్నాడే నా క్యాబ్ తిరిగే దారిలో బాత్రూం శుభ్రంగా ఉండే పెట్రోలు బంకులన్నీ వెతికి పెట్టుకున్నాను. ఇక రోజూ సీసాలకొద్దీ నీళ్లు ధైర్యంగా తాగాను. రెండో వారం నొప్పికి ఓర్చుకోలేక మందుల దుకాణం ముందు నిలబడ్డాను. పాత గోలీ పేరు నోటిదాకా వచ్చింది.

"నాకు కిడ్నీల తేడా ఉందన్నరు. నొప్పికి ఏదన్నా ఇస్తవా అన్నా?"

దుకాణం అతను అందుకోబోయిన గోలీల పట్టీని అక్కడే వదిలేశాడు. "గట్లయితే ముందు మీ డాక్టర్‌కు ఫోన్ చెయ్యి అక్కా." చేశాను. ఆమె చెప్పిందే, చెప్పినన్నే కొన్నాను.

మూడు వారాల తర్వాత రిపోర్టు చూసి డాక్టరమ్మ నాకంటే ముందు నవ్వింది. "మామూలుకొచ్చేసిందండి! వచ్చేనెల ఇంకోసారి చూద్దాం. బస్సు తోలుకోండి!"

నేను కుర్చీలోంచి ఎగిరి లేచాను. ఆ సోమవారం పొద్దున నలభై మంది నా వెనకాల కూర్చున్నారు. ఇంజను మొదలవగానే నా గుండె దానికన్నా గట్టిగా కొట్టుకుంది.