మేస్త్రి చేతిలో స్విచ్చు డబ్బా

లారీ నడిపేవాళ్ళందరికీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది. నాది రంగుల పిచ్చి. ఏడాదికోసారి బండికి రంగు వేయించకపోతే నాకు అన్నం సయించదు. క్యాబిన్ వెనక పలక మీద రెండు నెమళ్ళు, వాటి కింద అడ్డదూలం పొడుగునా గులాబీల తీగ. ఆ గులాబీల్లో ఒకటి వంకరగా వచ్చిందని పెయింటరుతో రెండు పూటలు పోట్లాడిన మనిషిని నేను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ పిచ్చితోనే ఒక మనిషి ప్రాణం చేతులారా తీయబోయాను. తీయలేదు. ఆ మాట కూడా ముందే చెప్పేస్తే తప్ప మిగతాది చెప్పడానికి నాకు నోరు రాదు.

మాది కొత్తకోట. ఇరవై ఏళ్ళపాటు గద్వాల పత్తి, వనపర్తి వడ్లు, నాగర్‌కర్నూల్ వేరుశనగ, ఇవే మోశాను. ఈ మధ్య కొన్నేళ్ళుగా మోసేవి మారాయి. జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, పాలు చల్లబరిచే పెద్ద పెద్ద ట్యాంకులు. ఇవి స్కిడ్ల మీద వస్తాయి. స్కిడ్ అంటే ఏమీ లేదు, అడుగున రెండు ఇనుప దూలాలు, వాటి మీద బిగించిన యంత్రం. పైకెత్తనక్కరలేదు, నేల మీద ఈడ్చుకుపోవచ్చు. కానీ లారీలోకి ఎక్కించాలన్నా దించాలన్నా క్రేన్ కావాలి. మా పల్లెల్లో క్రేన్ ఎక్కడిది? మాకు మేస్త్రి ఉన్నాడు.

మేస్త్రి అంటే హమాలీల మేస్త్రి. నాకంటే మూడేళ్ళు పెద్ద, నన్ను తమ్మీ అంటాడు. మేమిద్దరం పనిలోకి వచ్చింది ఒకే వానాకాలంలో. ఏ యంత్రాన్నయినా కదిలించే ముందు దాని మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడేవాడు. "దీని బరువు ఏడ కూసుందో చూస్త, జర ఆగు" అనేవాడు. ఆ తర్వాత చెక్కలు, మోకులు, గడ్డపారలు, చివరికి తన భుజం. కదులుతున్న బరువుని చూస్తూ ఊరికే నిలబడటం ఆయనకు చేతకాదు. వెనక చేరి భుజం ఆనిస్తేనే ఆయనకు పని చేసినట్టు.

పోయినేడు వీపనగండ్ల దగ్గర ఒక ట్రాన్స్‌ఫార్మర్ దించుతుంటే మోకు జారింది. బరువు మొత్తం మీదికి రాలేదు, అంచు తగిలిందంతే. మూడు పక్కటెముకలు విరిగాయి. వనపర్తి దవాఖానలో మంచం పక్కన ఆయన భార్య కూర్చుని ఉంది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆమే లేచి వచ్చింది.

"అన్నా, పని మానుమంటే ఆయన మానడు. నేను చెప్పి చెప్పి యాష్టకొచ్చిన. నువ్వొక్కటి చెయ్యి. బరువు ఎనక మాత్రం నిలవెట్టకు. గంతే."

నిలబెట్టనన్నాను. నేను ఆవేశంలో మాటలు చాలా అంటాను, సగం మర్చిపోతాను. ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

అందుకే బండికి వించ్ పెట్టించాలనుకున్నాను. క్యాబిన్ వెనక ఇనుప డ్రమ్ము, దాని మీద చుట్టిన ఇనుప రోపు. బటన్ నొక్కితే రోపు చుట్టుకుంటూ స్కిడ్‌ని ర్యాంపు మీదుగా బండిలోకి లాక్కుంటుంది. ఇంకో బటన్ నొక్కితే మెల్లగా దించుతుంది. మనిషి బరువు దగ్గరికి పోయే పనే లేదు. హైదరాబాదులో ఒక పాత క్రేన్‌ని విప్పేస్తుంటే దాని వించ్ తెచ్చుకున్నాను. దాన్ని మా కొత్తకోట హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న ఉస్తాద్‌కి అప్పజెప్పాను.

ఉస్తాద్ ముసలివాడు, గడ్డం తెల్లబడింది, మాట తక్కువ. మూడు వారాలు నా బండి ఆయన షెడ్డులోనే ఉంది. పక్క పలకలు విప్పేశాడు. చాసీ మీద పొడుగునా రెండు ఇనుప చానెళ్ళు పరిచి, వించ్‌ని వాటికి బిగించాడు. చాసీకి వెల్డింగ్ పెడితే తొందరగా అయిపోతుంది కదా అన్నాను. "చాసీకి నిప్పు చూపెడితే ఏదో ఒకనాడు విరుగుతది భాయ్" అని అన్నీ బోల్టులే వేశాడు. బండి వెనక అంచున మందపాటి పైపు ముక్కని రోలర్‌గా పెట్టాడు, స్కిడ్ దూలం దాని మీద దొర్లి లోపలికి రావడానికి. బరువు వెనకంచు మీదికి రాగానే బండి ముందు భాగం గాల్లోకి లేస్తుందని, వెనక రెండు ఊతకాళ్ళు కూడా బిగించాడు. నేను రోజూ పోయి తొందరపెట్టేవాణ్ణి. ఆయన నాకు టీ తెప్పించి మళ్ళీ బండి కిందికి దూరేవాడు.

పరీక్షకు, అప్పటికి ఎముకలు అతికి పనిలోకి వచ్చిన మేస్త్రిని కూడా పిలిచాను. ఉస్తాద్ స్కిడ్ మీద ఒక నీళ్ళ ట్యాంకు బిగించాడు. మొదట సగం నింపి లాగాం, తర్వాత నిండుగా. రెండోసారి ట్యాంకు ర్యాంపు సగానికి రాగానే బటన్ వదిలేసి, "ఇగ టీ తాగుదాం" అన్నాడు. ముగ్గురం టీ తాగాం. అంత నీళ్ళ ట్యాంకు ఆ ఏటవాలు మీద వేలెడు కూడా జారలేదు. బటన్ వదలగానే డ్రమ్ముని ఆపే బ్రేకు అంత గట్టిగా పట్టింది. నాకు ఆనందం పట్టలేదు, గ్లాసు కింద పెట్టి వించ్‌కి దండం పెట్టాను.

కానీ ఆ పరీక్షలోనే రెండుసార్లు మేస్త్రి ట్యాంకు వెనక్కి పోయి భుజం ఆనించాడు. యంత్రం లాగుతోంది కదయ్యా అంటే, "మర్చిన" అని ఇవతలికి వచ్చి, నిమిషంలో మళ్ళీ అక్కడే ఉన్నాడు. మూడోసారి ఉస్తాద్ లేచి వెళ్ళి ఆయన చేయి పట్టుకుని క్యాబిన్ పక్కకు లాక్కొచ్చి, వైరుకు వేలాడుతున్న స్విచ్చు డబ్బా ఆయన చేతిలో పెట్టాడు. ఆ వైరు క్యాబిన్ దాటి నాలుగడుగులు కూడా రాదు.

"ఇగ ఇది నీదే. వీళ్ళ చేతులు ఖాళీగ ఉంటే బరువు కాడికే పోతయి భాయ్" అన్నాడు నా వైపు తిరిగి.

నాకు ఒళ్ళు మండింది. బండి నాది, వించ్ నాది, దేశమంతా తిరిగి తెచ్చింది నేను. బటన్ నొక్కే ముచ్చట ఇంకొకరిదా? ఆ సాయంత్రం ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను.

బండి ఇంటికి వచ్చిన మర్నాడు చుట్టూ తిరిగి చూసుకున్నాను. రోపు డ్రమ్ము కింది నుంచి వస్తుండటంతో అడ్డదూలానికి రాసుకుని, మూడు గులాబీలు గీరుకుపోయాయి. ఇంకో నాలుగు లోడ్లకు తీగే మిగలదు. ఉస్తాద్‌ని అడిగితే రోపు రాసుకునే కాడ రంగులేందని నవ్వుతాడు. మధ్యాహ్నం ఒక్కణ్ణే కూర్చుని రోపు మొత్తం విప్పి, డ్రమ్ము మీది నుంచి వచ్చేటట్టు తిరగేసి చుట్టాను. ఇప్పుడు రోపు గులాబీలకు జానెడు పైనుంచి పోతోంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. బటన్లు మాత్రం తారుమారయ్యాయి. లాగే ఆకుపచ్చ బటన్ ఇప్పుడు వదులుతోంది, వదిలే ఎర్రది లాగుతోంది. అంతే కదా అనుకున్నాను. ఇంట్లో ఫ్యాను స్విచ్చు తలకిందులుగా బిగిస్తే ఫ్యాను తిరగనంటుందా? ఉత్త రోపుతో నాలుగుసార్లు లాగి వదిలి చూసుకున్నాను, బ్రహ్మాండంగా పనిచేసింది.

మర్నాడే మొదటి లోడు. గద్వాలలో పత్తి విత్తనాల గోదాము నుంచి ఒక జనరేటర్ తీసుకుని నాగర్‌కర్నూల్ రైసుమిల్లులో దించాలి. అయిదు టన్నుల పైమాటే. పొద్దున్నే పోయాం. "ఇయ్యాల్టి నుంచి ఎర్రది ఒత్తితే ఎక్కుతది" అని మేస్త్రికి చెప్పాను.

"ఎందుకు మారింది?" అన్నాడు.

"గట్లనే ఉంటది" అన్నాను.

ఆయనతో వచ్చిన ముగ్గురు హమాలీలు గోడ నీడలో కూర్చున్నారు. ర్యాంపు వేశాం, ఊతకాళ్ళు దించాం, రోపు కొక్కెం స్కిడ్‌కి తగిలించాం. అప్పుడు నాకు మళ్ళీ ముచ్చట పుట్టింది. గోదాము వాళ్ళు చూస్తున్నారు మరి.

"డబ్బా ఇటియ్యి మేస్త్రీ. నువ్వు ఎనక చూస్కో, వంకర పోతే చెప్పు" అన్నాను.

వెనక అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. అన్నాళ్ళూ మర్చిపోనిది, ఎవరికి ఏం మాటిచ్చానో ఆ క్షణాన నాకు గుర్తే లేదు. మేస్త్రి డబ్బా ఇవ్వబోయి, ఆగి, గుండెకు ఆనించుకున్నాడు.

"ఇయ్య. ఉస్తాద్ నాకిచ్చిండు."

కొత్త పలక దొరికిన బడిపిల్లాడిలా మొండికేశాడు. మంది ముందర పరువు పోతుందని ఊరుకున్నాను, లేకపోతే లాక్కునేవాణ్ణే.

ఎర్ర బటన్ నొక్కాడు. జనరేటర్ నేల మీద కరకరమంటూ కదిలింది, ర్యాంపు ఎక్కింది. సగానికి వచ్చేసరికి కుడి దూలం కొంచెం పక్కకు ఒరిగింది. ఇలాంటప్పుడు ఇన్నేళ్ళుగా మేం చేసేది ఒకటే. మేస్త్రి "ఆపు" అంటాడు, నేను మోకు లాగేవాళ్ళని ఆపుతాను, ఆయన వెనక్కి పోయి దూలం కింద గడ్డపార దూర్చి సవరిస్తాడు. ఇప్పుడు డబ్బా ఆయన చేతిలోనే ఉంది కాబట్టి తనే బటన్ మీది నుంచి వేలు తీశాడు. ఎడమచేత్తో టైరుకు ఆనించిన గడ్డపార అందుకున్నాడు.

ఇంకా అడుగు వేయలేదు. డ్రమ్ము గిర్రున వెనక్కి తిరిగింది. నేను చూస్తుండగానే జనరేటర్ మొత్తం ర్యాంపు మీద నుంచి వెనక్కి జారి, దాని పలకల్ని విసిరికొట్టి, నేలని దున్నుకుంటూ పోయి, ఏదో గోడ కట్టడానికి పోసిన ఇసుక కుప్పలో దిగబడింది. గోడ నీడలో ఉన్న ముగ్గురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. దుమ్ము ముక్కుల్లోకి వచ్చింది. మేస్త్రి క్యాబిన్ పక్కనే ఉన్నాడు, ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో గడ్డపార.

నాకు భయం వేస్తే కోపం వస్తుంది. అది నా జబ్బు. పరుగెత్తుకుంటూ పోయి ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎందుకు ఇడిసినవ్ బటన్, కండ్లు లేవా, అని నోటికొచ్చినట్టల్లా అరిచాను.

"ఇడిస్తే నిలవడాలె గద తమ్మీ. మొన్న నిలవడ్డది గద" అన్నాడు మెల్లగా.

మొన్న నిలబడింది. మొన్నటికీ ఇవాళ్టికీ మధ్య మారినది ఒక్కటే, అదేమిటో నాకు తెలుసు. అరవడం మానేశాను. ఫోను తీసి ఉస్తాద్‌కి చేశాను. జారిపోయిందనగానే ఆయన అడిగిన మొదటి మాట, "మన్షి?"

"బాగున్నడు. ఎవరికీ ఏం కాలే."

"రోపు డ్రమ్ము కిందికెల్లి వస్తుందా, మీదికెల్లి వస్తుందా?"

"మీదికెల్లి."

"ఆ బ్రేకు ఒక్క దిక్కే పట్టేది భాయ్. తిరగేసి చుడితే బ్రేకు లేనట్టే. ఎవలు చుట్టిండ్రు?"

"నేనే ఉస్తాద్."

తిడతాడనుకున్నాను. "అల్లా దయ. మన్షి ఉన్నడు, ఇంకేం గావాలె. దేన్నీ ముట్టకుండ్రి, నేనొస్తున్న" అని పెట్టేశాడు.

మేస్త్రి ఇసుక కుప్ప దగ్గరికి పోయి కూర్చున్నాడు. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. రోపు నేనే తిరగేశానని చెప్పాను. ఎందుకని అడిగాడు. గులాబీలు గీరుకుపోతున్నాయని చెప్పాను. అంత సిగ్గుమాలిన మాట నా జన్మలో ఎన్నడూ అనలేదు. ఆయన ఇసుకలో కూరుకుపోయిన దూలాల కొనల వైపు చూశాడు. అక్కడి నుంచి ర్యాంపు దాకా నేల మీద పడ్డ రెండు చాళ్ళ వైపు చూశాడు. ఆ రెండు చాళ్ళ నడుమ ఒక చోట ఆయన చూపు ఆగిపోయింది. ఏ చోటో నాకూ తెలుసు. డబ్బా నాకిచ్చి ఉంటే, వంకర పోయిందని ఆయన "ఆపు" అని ఉంటే, నేను ఆపి ఉంటే.

నాకు ఏడుపొచ్చింది. "తిట్టు మేస్త్రీ" అన్నాను. "నీకు దండం పెడత, నన్ను తిట్టు."

చేతులకంటిన ఇసుక దులుపుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. గులాబీలను తిట్టాడు, నెమళ్ళను తిట్టాడు, ఇటువంటి కొడుకుని కన్నందుకు మా నాయనను తిట్టాడు. ఎప్పుడో ఆకలవుతుందంటే ధాబా దగ్గర బండి ఆపకుండా పోయానట, ఆ సంగతి తవ్వి తీశాడు. వీపనగండ్లలో మోకు పాతదని తను చెబుతూనే ఉన్నా నేను వినలేదట, అదీ తీశాడు. అది నిజం. ఇన్నేళ్ళలో నన్ను అనకుండా మింగినవన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నా మీద ఎవరైనా గొంతు లేపితే నేను ఊరుకునే రకం కాదు. ఆ పూట ఉస్తాద్ వచ్చేదాకా ఇసుకలో చేతులు కట్టుకుని కూర్చుని విన్నాను. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆయన ఆగినప్పుడల్లా నాకు గుండె జారిపోయేది. మళ్ళీ అందుకునేవాడు. మళ్ళీ నా గుండె కుదుటపడేది.