పసరు తాగిన పరిశోధకుడు

జనం మందులు మధ్యలో ఎందుకు మానేస్తారో కనుక్కురమ్మని నన్ను పంపిస్తే, నేనే ఒకామె చేత మందు మాన్పించి వచ్చాను. ఇంత ఘనకార్యం చేసినవాడు తలవంచుకుని ఓ మూల కూర్చోవాలి. నేను కూర్చోకపోగా మీకు చెప్పడానికి సిద్ధపడ్డాను. నవ్వేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత తీరిక దొరకదు.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి కాలేయ విభాగంలో పరిశోధన సహాయకుణ్ణి. డిగ్రీ చేతికొచ్చిన వేడి ఇంకా చల్లారలేదు. మెడలో నా ఫోటోతో ఒక కార్డు వేలాడేది. దాన్ని చూసుకుని సగం డాక్టరునైపోయాననుకునేవాణ్ణి. స్నానానికి తప్ప తీసేవాణ్ణి కాదు. మా విభాగం పెద్ద వసుంధర మేడమ్ మాత్రం నన్ను "ఏమయ్యా" అనే పిలిచేవారు.

మా పరిశోధన హెపటైటిస్ సి మీద. ఆ వైరస్ ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కాలేయాన్ని పాడుచేస్తుంది. ఇప్పుడు మంచి మాత్రలు వచ్చాయి. మూడు నెలలు రోజూ మింగితే చాలామందికి వైరస్ పోతుంది. చిక్కేమిటంటే, ఎక్కడా నొప్పి లేనివాళ్లను రోజూ మాత్ర మింగమంటే ఎవరు మింగుతారు చెప్పండి? కొందరు మధ్యలో మానేసేవాళ్లు. ఎందుకు మానేశారో అడిగి రాసుకురావడం, రక్తం నమూనాలు మోసుకురావడం నా పని. నగరిలో మగ్గాల వీధులు నా వాటాకు వచ్చాయి.

ఆ వీధుల్లోనే సెల్వమ్మక్క ఉండేది. భర్త పోయాక పవర్‌లూమ్ తానే నడుపుతూ ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. ఆమె కాలేయం అప్పటికే గట్టిపడటం మొదలైంది. "ఈమె విషయంలో ఆలస్యం చేస్తే తర్వాత మన చేతుల్లో ఉండేది తక్కువ. ఎలాగైనా మాత్రలు పూర్తి చేయించు" అని మేడమ్ నాకు మరీ మరీ చెప్పారు.

మొదటి రోజే సెల్వమ్మక్క మగ్గం ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నొప్పి లేదు, నొవ్వు లేదు. ఎందుకు మింగాలప్పా నేను?"

"లోపల కాలేయం చెడిపోతా ఉండాదక్కా."

"లోపలి సంగతి నీకెట్ట తెలిసె? దూరి సూసినావా?"

"రక్తం పరీక్షలో తెలుస్తుందక్కా."

"మా మునస్వామి రక్తం తియ్యకుండానే కండ్లు సూసి సెప్తాడు. పరగడుపున ఇంత పసరు పోస్తాడు, అయిపాయ."

మునస్వామి ఆ చుట్టుపక్కల కామెర్లకు పసరు పోసే ఆయన. ఆ పేరు వినగానే నాకు పూనకం వచ్చింది. ఆ ఆకుల్లో ఏముందో ఎవరికీ తెలియదని, కాలేయం దెబ్బతిన్నవాళ్లకు అలాంటివి ప్రమాదమని, వైరస్‌కు మాత్రలే మందని ఉపన్యాసం దంచాను. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. చివర్లో గుండె మీద చేయి వేసుకుని, "నేనైతే చచ్చినా పసరు తాగనక్కా!" అన్నాను చూడండి, అక్కడ ఆగి ఉండాల్సింది.

ఆమె నా మెడలో కార్డు వైపు చూసింది. "సరే సామీ. సదువుకున్నోడివి, నీ మాట మింద మింగుతా" అంది. మింగడం మొదలుపెట్టింది కూడా. ఒక నెల సాఫీగా గడిచింది.

ఇంతలో మామిడి కాలం వచ్చింది. మా నాయనకు చిత్తూరు దగ్గర తోట ఉంది. ఆ ఏడు ధర పడిపోయి, మండీకి తోలితే బండి బాడుగ కూడా రాదని కాయలన్నీ తెలిసినవాళ్లకు పంచేశాడు. నా వంతుగా తిరుపతి గదికి బస్సులో బుట్టలు దిగాయి. పండు కుళ్లిపోతుంటే చూస్తూ ఊరుకునే మనసు నాకు లేదు. పొద్దున టిఫినుకు బదులు బేనీషా పండ్లు, మధ్యాహ్నం అన్నంలోకి పండ్లు, సాయంత్రం ఊరికే పండ్లు. రాత్రిపూట మాత్రం మితంగా ఒక్క పండే తినేవాణ్ణి. అంటే ఒక్కొక్కటిగా.

అలా కొన్ని వారాలు గడిచాక ఒక ఉదయం టీ కొట్టులో గ్లాసు అందుకోబోతే ఆ కొట్టతను నా చేయి పట్టుకున్నాడు.

"ఏం సార్, ఇంట్లో పెండ్లా? చేతులకు పసుపు పూసుకుండారే!"

చూసుకుంటే అరచేతులు పచ్చగా ఉన్నాయి. గదికి పరుగెత్తి అద్దంలో కళ్లు చూసుకున్నాను. అవీ పచ్చగానే కనిపించాయి. మా స్నానాల గదిలో ఉన్నది పాతకాలపు పసుపు బల్బు, ఆ వెలుగులో సున్నం కొట్టిన గోడకు కూడా కామెర్లు వచ్చినట్టే ఉంటుందన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. ఎండకు నీళ్లు సరిగా తాగక ఒంటేలు కూడా పచ్చగా వస్తోంది. ఇంకేం కావాలి? రక్తం నమూనాలు మోసి మోసి నాకూ జబ్బు అంటుకుందని తీర్పు చెప్పేసుకున్నాను.

బుద్ధి ఉన్నవాడైతే నేరుగా మేడమ్ దగ్గరికి పోతాడు. నేను పోలేదు. చేతి తొడుగులు సరిగా వేసుకోలేదని అంతకుముందే ఒకసారి చీవాట్లు తిన్నాను. ఇప్పుడు జబ్బుతో దొరికితే పనిలోంచి తీసేస్తారని భయం. అందుకని ఆమె కంటపడకుండా ఆసుపత్రి మెట్ల కింద నిలబడి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, నాకు కామెర్లు వచ్చినాయి."

"అయ్యో నా కొడకా! యాడ ఉండావు ఇప్పుడు?"

"యాడ ఉంటాను, ఆసుపత్రిలోనే."

"ఆసుపత్రిలో ఉంటే కామెర్లు తగ్గుతాయా? లెయ్యి, నగరికి పో. మునస్వామి ఆదివారం పొద్దున్నే పసరు పోస్తాడు. మీ నాయనకు ఆయప్పే పోసింది."

"అమ్మా, పసరు తాగొద్దని ఊరూరా సెప్తా తిరిగేది నేనే గదా!"

"ఊరోళ్లకు సెప్పుకో. నువ్వు మాత్రం పోయి తాగు."

ఆదివారం తెల్లవారుతూనే మునస్వామి ఇంటి ముందు వరసలో ఉన్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాను. మునస్వామి పచ్చటి పసరు చెంబులో కలిపి ఇచ్చి నియమాలు చెప్పాడు. "గుక్కతిప్పుకోకుండా తాగాల. ఇంటికి పొయ్యేదాకా వెనక్కి తిరిగి సూడకూడదు, ఎవురు పలకరించినా పలకకూడదు. పలికితే పసరు పనిసెయ్యదు. ఉప్పు, పులుపు, నూనె, పండ్లు వారం దినాలు ముట్టుకోవద్దు."

తాగాను. వేపాకు కషాయం దాని ముందు పాయసమే. సగం గొంతులోకి, సగం చొక్కా మీదికి పోయింది. కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ బస్టాండు దారి పట్టాను. మలుపు తిరిగానో లేదో, పాల ప్యాకెట్టు చేతిలో పట్టుకుని సెల్వమ్మక్క ఎదురొచ్చింది.

"ఓ ఆసుపత్రి అబ్బోడా!"

నేను పలకలేదు.

"తువ్వాలు సుట్టుకుంటే తెలియదనుకుండావా? మెడలో నీ ఫోటో యాలాడతా ఉండాదే!"

కిందికి చూసుకున్నాను. కార్డులో నేను చక్కగా నవ్వుతున్నాను. దాని మీదుగా పసరు కారుతోంది.

"మునస్వామి కాడికి వచ్చినావా? పసరు తాగినావా? సెప్పబ్బా, నోట్లో ఏముండాది?"

ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. తప్పైపోయిందక్కా, నువ్వు మాత్రం మాత్రలు మానొద్దని. చెబితే పసరు పనిచేయదు కదా! సైన్సు చదివిన నేను మూతి బిగించుకుని, వెనక్కి తిరగకుండా, అక్షరాలా పారిపోయాను.

మర్నాడు ఉప్పులేని మజ్జిగన్నం ముఖంతో విభాగానికి పోతే మేడమ్ ఒక్క చూపులో పసిగట్టారు.

"ఏమయ్యా, అలా ఉన్నావు? ఆ చేతులేమిటి?"

ఏడుపు ఒక్కటే తక్కువగా కామెర్ల సంగతి చెప్పాను. ఆమె నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్లి కనురెప్ప కిందికి లాగి చూశారు.

"కళ్లు తెల్లగా ఉన్నాయి కదయ్యా. కామెర్లయితే ముందు కళ్లలోనే తెలిసేది. ఏం తింటున్నావు?"

"మామిడిపండ్లు, మేడమ్."

"ఎన్ని?"

"రోజుకు అడుగుతున్నారా, పూటకా మేడమ్?"

ఆమె తల పట్టుకున్నారు. రక్తపరీక్ష చేయించారు, అంతా మామూలుగానే ఉంది. పండులోని రంగు ఎక్కువై చర్మంలో చేరిందని, తినడం తగ్గిస్తే అదే పోతుందని చెప్పి తరిమేశారు. బతికిపోయానన్న ఆనందంలో పసరు సంగతి మింగేశాను.

మగ్గాలు ఆగి అందరూ ఇళ్లలో దొరుకుతారని మళ్లీ ఆదివారమే నగరికి పోయాను. మునస్వామి ఇంటి ముందు వరస వీధి చివరిదాకా ఉంది. "పెద్దాసుపత్రి అబ్బోడే వచ్చి నా పసరు తాగిపోయినాడు, మెడలో కార్డుతో సహా!" అని ఆయన గట్టిగా చెబుతున్నాడు. నేను గోడవారగా జారుకుని సెల్వమ్మక్క ఇంట్లో దూరాను. మాత్రల డబ్బా అటక మీదికి ఎక్కి ఉంది. వారంగా ముట్టలేదట.

పద్ధతి ప్రకారం అడగాలి కదా, అడిగాను.

"ఎందుకు మానేసినావక్కా? ఆసుపత్రి దూరమనా? కూలి పోతుందనా? ఒంటికి పడలేదా?"

"నీ వల్ల."

"అది నా ప్రశ్నల్లో లేదక్కా."

"లేకపోతే రాసుకో. నాకు మాత్రలు, నీకు పసరా? సెయ్యి సూపించు. సూడు, పచ్చదనం తగ్గిండాది గదా!"

"పసరు వల్ల కాదక్కా, మామిడిపండ్లు మానేసినందుకు!"

"మామిడిపండ్లకు కామెర్లా! నా సెవిలో పూలు పెడతా ఉండావా?"

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఈ మనిషి నా మాట నమ్మి మింగింది, నన్ను చూసే మానేసింది. ఆమెకేమైనా అయితే అది నా చేతులారా చేసినట్టే. వాకిట్లోకి వచ్చి మేడమ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

"వారమే కాబట్టి బతికిపోయావు. ఇవాళే మళ్లీ మొదలుపెట్టించు. ఎలా అని నన్నడగొద్దు. ఆమె మాత్ర మింగకుండా నువ్వు తిరుపతి బస్సు ఎక్కడానికి వీల్లేదు."

సెల్వమ్మక్క గడపలో నిలబడి వింటూనే ఉంది. "నాకొక్కదానికి సెవిలో సెప్తే ఎట్ట నమ్మేది? ఆ మాట పోయి మునస్వామి ముందర సెప్పు, ఆడుండే అందురి ముందరా" అంది.

పోయాను. అరుగెక్కాను. "అన్నలారా, అక్కలారా! నాకు కామెర్లు రాలేదు. మామిడిపండ్లు తిని తిని చేతులు పచ్చబడినాయి. అది తెలియక భయపడి పసరు తాగినాను" అన్నాను. ఒక్క క్షణం అందరూ నోరు తెరిచారు. తర్వాత వరసంతా ఒకటే నవ్వు.

"ఎన్ని తిన్నావబ్బా?"

"లెక్కపెట్టలేదన్నా."

"ఏం పండ్లు?"

"బేనీషా."

"బేనీషా అయితే పోనీలే, ఆగేది కష్టమే!" అన్నాడో పెద్దాయన జాలిగా.

మునస్వామి ముఖం గంటు పెట్టుకున్నాడు. "నా పసరు నిన్నేం సేసింది గానీ?"

"ఆ రాత్రంతా మరుగుదొడ్డిలోనే కాపురం పెట్టించింది సామీ!"

మళ్లీ నవ్వులు. వెనక నిలబడిన సెల్వమ్మక్క ఒక్కతే నవ్వలేదు. గిరుక్కున తిరిగి తన ఇంటికి పోయింది. నేను వెనకే పరుగెత్తేసరికి అటక మీది డబ్బా దించి, మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగుతోంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఆ తర్వాత ఆమె ఒక్క రోజు కూడా మానలేదు. మాత్రలు అయిపోయి మూడు నెలలు గడిచాక పరీక్ష చేస్తే రక్తంలో వైరస్ జాడ లేదు. ఆ కాగితం చూసి నేను గంతులేస్తుంటే మేడమ్ సెల్వమ్మక్కను కూర్చోబెట్టి అడిగారు.

"మధ్యలో మానేసినదానివి మళ్లీ ఎందుకు మొదలుపెట్టావమ్మా? ఇతను చెప్పింది అర్థమైందా?"

"అర్థమూ లేదు, గిర్థమూ లేదు తల్లీ. తెలివైనోళ్లయితే మనల్ని మోసం సేస్తారేమోనని భయం. అరుగెక్కి ఈ అబ్బోడు సెప్పుకున్నది ఇన్నాక ఆ భయం పోయింది. ఇంత తెలివితక్కువోడు నన్నేం మోసం సేస్తాడులే అని మింగేసినా."

మేడమ్ నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కాలేయ విభాగం సాక్షిగా నేను ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో నా జబ్బు నేను తేల్చుకోను. దారిలో ఎవరు పలకరించినా, ఏ మందు మహిమ ఏ గంగలో కలిసినా సరే, ఆగి బదులు చెబుతాను. తెలివితక్కువతనం కూడా మానేస్తానని ఒట్టు పెట్టబోతే మేడమ్ అడ్డం పడ్డారు. "అది మాత్రం మానొద్దయ్యా, రోగులకు పనికొస్తోంది" అన్నారు.