ఈశాన్యం వాటం

తొంభైల చివర్లో మాట. ధర్మవరంలో మా ఇంటి పెరడు చినుకు పడితే చాలు, బురదే. పాత సిమెంటు బండలు చవగ్గా దొరికితే మా ఆయన తానే పరుస్తానన్నాడు.

“వాటం వీధి కాలవకు పెట్టన్నా,” అని పక్కింటి మేస్త్రి చెప్పాడు.

“ఈశాన్యానికే నీళ్లు పోవాల. అట్లయితేనే కలిసొస్తాది,” అన్నాడు ఈయన.

“ఆడ మన మగ్గం గుంత ఉండాది కదా!” అని నేను మొత్తుకున్నా వినలేదు. ఎండలో రెండు రోజులు నాచేత బండలు మోయించాడు.

మూడో రోజు వాన దంచింది. పెరట్లో చుక్క నిలవలేదు. “చూస్తివా?” అని ఆయన మీసం తిప్పేలోగా మగ్గం గదిలోంచి మా అత్త కేక పెట్టింది. గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న ఆమెకు మోకాళ్ల దాకా ఎర్రనీళ్లు! ఇంకో జానెడు పెరిగితే మగ్గం మీది పెళ్లిచీర బురదపాలే.

నేనూ ఆయనా పిచ్చెక్కినట్టు బకెట్లతో తోడుతుంటే మా అత్త కొడుకును చూసి, “ఈశాన్యంలో నీళ్లుంటే కలిసొస్తాదంటివి కదరా. ఇంద, నీళ్ల బాయే వచ్చె!” అంది.

చీర దక్కింది. మర్నాడే బండలన్నీ పీకి, వీధివైపు వాటంతో మళ్లీ పరిచాం. మోసింది మళ్లీ నేనే. ఇప్పటికీ ఆయన వాస్తు అని నోరు తెరిస్తే, నేను వెళ్లి బకెట్ తెచ్చి ముందు పెడతాను.