చెర్రీ కట్టె పొగ

తోకుజీ అన్నం తినడు, మింగుతాడు అనేది ఫుజినో. పెళ్ళయిన కొత్తలో నవ్వుతూ అనేది, తరవాత విసుక్కుంటూ అనేది, చివరికి అనడమే మానేసింది. మంచు తోసే బండి నడిపేవాడికి తీరికెక్కడిదని అతని వాదన. ఆమె టీ కలిపి తెచ్చేలోపు గిన్నె ఖాళీ. ఆమె ఊరవేసిన ముల్లంగి ముక్కలూ అదే జోరులో లోపలికి పోయేవి.

ఆ ముల్లంగే ఫుజినోకి ప్రాణం. మంచు ముంచెత్తే అకితా కొండపల్లెల్లో చలికాలం ఎండబెడదామంటే ఎండ ఉండదు. అందుకే ముల్లంగిని పొగగది కప్పుకు వేలాడగట్టి, కింద నిప్పు రగిల్చి, ఆపైన పీపాలో ఉప్పూ తవుడూ వేసి, మూత మీద రాయి బరువు పెట్టి ఊరవేస్తారు. అందరూ దొరికిన కట్టె వేసేవారు. ఆమె మాత్రం చెర్రీ కట్టె కోసం కొండెక్కేది.

ఆ చలికాలం తోకుజీ బండిలోనే కడుపు పట్టుకుని కుప్పకూలాడు. జీర్ణాశయానికి చిల్లు పడిందని ఆసుపత్రిలో వెంటనే కోశారు. కడుపులోని కొవ్వు పొరనే చిల్లు మీద అతుకు వేసి కుట్టి, లోపలంతా నీళ్ళతో కడిగారు. చిల్లు అంచున తీసిన ముక్కలో క్యాన్సరు బయటపడింది.

"కడిగిన నీళ్ళు పరీక్షకి పంపామమ్మా," అన్నాడు డాక్టరు. "వాటిలో క్యాన్సరు కణాలు లేకపోతే, ఆయన కోలుకున్నాక మళ్ళీ కోసి పొట్ట మొత్తం తీసేస్తాం. ఉంటే ఇక మందులే."

"పొట్ట తీసేస్తే అన్నం ఎక్కడికి పోతుందండీ?"

"పేగులోకే. కొంచెం కొంచెం, మెత్తగా నమిలి తినాలి."

"నమలడమా? ఆయనా?" అంది ఫుజినో. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

వరండా గోడ మీద ఒక బొమ్మ ఉంది: జీర్ణాశయ క్యాన్సరు, ఉప్పు తగ్గించండి. బొమ్మలో ఊరగాయ ముక్కలు. అవి తన పీపాలోవే అనిపించి ఆమె ముఖం తిప్పుకుంది. బయట మంచు కురుస్తూనే ఉంది. కన్ను మూతపడితే చాలు, పొగగది కనిపించేది. వేలాడే ముల్లంగుల కింద తోకుజీ తెల్లబట్టల్లో నిలబడి, వాటినెన్నడూ ఎరగనట్టు తలెత్తి చూస్తుండేవాడు. కళ్ళు తెరిస్తే మళ్ళీ మంచే.

నీళ్ళలో కణాలు లేవు. మంచు కరిగే రోజుల్లో రెండోసారి కోశారు. అక్కడి అలవాటు ప్రకారం, తీసిన జీర్ణాశయాన్ని పళ్ళెంలో పెట్టి ఆమెకు చూపించారు. ఫుజినో దానికి చేతులు జోడించింది.

"ఇన్నేళ్ళూ నా వంటంతా మోశావు. కష్టపెట్టాను."

"ఏమన్నా అడగాలా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"నా ఉప్పే చేసిందా ఇది?"

"ఉప్పూ ఉంది, ఆయన సిగరెట్లూ ఉన్నాయి, కడుపులో పట్టిన క్రిమీ ఉంది. ఎవరి వాటా ఎంతో నేను చెప్పలేను."

"బతుకుతాడా?"

"పక్క గ్రంథులకి కొంచెం పాకింది. మందులిస్తాం. ఇలాంటివాళ్ళలో ఐదేళ్ళు దాటేది సగం మంది."

ఏ సగమో ఆ దేవుడికే తెలియాలి.

ఇంటికొచ్చాక ఆమె పీపా మూత తియ్యలేదు. తోకుజీ చిక్కి సగమయ్యాడు. రోజంతా గంజి చెంచా చెంచా నములుతూ కూర్చునేవాడు. అతను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చోవడం ఆమెకు కొత్త.

ఎండలు ముదిరిన ఒక రోజు అడిగాడు. "ముల్లంగి ఏదే?"

"పారేశాను."

"అబద్ధం. పీపా మీద రాయి అలాగే ఉంది."

"నిన్నిలా చేసింది అదేనయ్యా!"

"చేస్తే చేసిందిలే. ఒక్క ముక్క పెట్టు."

డాక్టరు పల్చటి ముక్కకు సరేనన్నాడు. ఉప్పు పోయేదాకా దాన్ని నీళ్ళలో నానబెట్టి, పెట్టింది. తోకుజీ కళ్ళు మూసుకుని నమిలాడు. నమిలాడు, నమిలాడు. ఉన్నట్టుండి ఆగాడు.

"ఏమే, ఇందులో పొగ వాసనుంది. చెర్రీ కట్టె కదూ?"

"ఇన్నేళ్ళూ అదేనయ్యా," అంది ఫుజినో. "ఇప్పుడా తెలిసింది?"

"ఈ ఏడూ కొండెక్కుతావా?"

"ఎక్కుతాను. తినడానికి నువ్వుంటావా మరి?"

"కాస్త ఉండవే," అన్నాడు తోకుజీ. "ఇంకా నములుతున్నాను."