గోడవారన కనిపించిన కోడలు

ఎనభైల్లో, రఘునాథపల్లి పక్కనున్న మా ఊరి పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చింది. బొమ్మ పెద్దగా కనబడాలని దాని ముందు ఉబ్బెత్తుగా ఉన్న ప్లాస్టిక్ అద్దం ఒకటి బిగించారు. ఎదురుగా చాపల మీద మగవాళ్లు కూర్చునేవాళ్లు. ఆడవాళ్లం, పిల్లలం పక్క గోడకు ఆనుకుని మెడలు వంచి చూడాలి. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

సీరియళ్లలో నచ్చినవాళ్ల బొమ్మలు గీయడం నాకు పిచ్చి. అరచేతిలో పట్టేంత డ్రాయింగ్ పుస్తకం, బ్లేడుతో చెక్కిన పెన్సిలు, అంతే. టీవీలో మనిషి ఒక్కచోట నిలబడి చావడు కదా! ఒక వారం ముక్కు, ఇంకో వారం కళ్లు బాగా చూసుకుని, ఇంటికొచ్చి గీసేదాన్ని.

ఒక కొత్త సీరియల్లో పెద్దకోడలు పాత్ర తెర మీదికి రాగానే, నన్ను పెంచిన అమ్మమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఓ పిల్లా, అచ్చం మీ అమ్మే! గదే మొకం!"

నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయపడేదట. ఇంట్లో ఒక్కటంటే ఒక్క ఫోటో లేదు. అమ్మ ఎట్లా ఉండేదో చూడాలని నాకెంత ఆశో! సీరియల్ అయిపోయేలోపు ఆ ముఖం నా పుస్తకంలోకి రావాలి.

బాపును, అంటే మా నాన్నను, అడిగితే విసుక్కున్నాడు. "గామెకు, మీ అమ్మకు ఏం పోలిక? అత్తమ్మకు కండ్లు మసకలొచ్చినయి."

ఎవరి మాట నమ్మాలి? ఒక ఆదివారం తెగించి పోయి, మగవాళ్ల చాప మీద బాపు పక్కనే కూర్చున్నాను.

"గిదేంది, గీ పిల్ల గీడ కూసున్నది?" అని ఒకాయన గొణిగాడు. నేను లేస్తే కదా!

కోడలు వచ్చింది. బక్క ముఖం, కోటేరు ముక్కు. నేను గీస్తున్న మనిషి కానే కాదు! మెల్లగా గోడవైపు జరిగాను. జరుగుతున్నకొద్దీ బుగ్గలు వెడల్పయ్యాయి, గడ్డం గుండ్రమైంది. మళ్లీ ఎదురుగా పోయాను. మళ్లీ బక్క ముఖమే. అదంతా ఆ అద్దం మహిమ! అంతకుముందు నేను గీసిన డాక్టరు, పోలీసు అందరూ బూరెబుగ్గలతో ఎందుకున్నారో అప్పుడు అర్థమైంది.

"జర నిలకడ లేదా నీకు?" అని బాపు కసిరాడు.

ఇంటికి పోయి అమ్మమ్మకు చెబితే నవ్వింది. "అద్దమో గిద్దమో, నాకేమెరుక బిడ్డా. మనకు కనవడ్డట్టే గియ్యి."

ఇక గోడ దగ్గరే కూర్చున్నాను. అది ఆ కోడలి ముఖం కాదని తెలిసీ గీశాను. చివరి భాగం వచ్చిన రోజు పెదవులు పూర్తయ్యాయి. నుదుట చిన్న బొట్టు పెట్టి, బుగ్గల కింద వేలితో నీడ రుద్దాను.

మర్నాడు పొద్దున బాపు పొలానికి పోబోతూ అరుగు మీద తెరిచి ఉన్న పుస్తకం చూశాడు. వేసుకున్న చెప్పులు విడిచేసి కూలబడ్డాడు.

"గీ బొమ్మ ఏడిది? దేన్ని చూసి గీసినవ్?"

"టీవీల కోడలే బాపు. గోడకాడ కూసుంటే గిట్లనే కనవడ్తది."

బాపు పుస్తకం చేతిలోకి తీసుకుని బొమ్మను దగ్గరగా చూశాడు. తర్వాత దాన్ని నా ఒళ్లో పెట్టాడు.

"మీ అమ్మ గింత చిన్న బొట్టు పెట్టకపోయేది. జర పెద్దగ దిద్దు."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే దిద్దాను.